గోముఖ్ దగ్గర మంచు ఏది? మమ్మల్ని వేరే చోటికి తీసుకెళ్లారా?

గోదారి_గట్టు
పోయినేడు సెప్టెంబరులో నేనూ, మా ఆవిడా, బావమరిదీ గంగోత్రి నుంచి, గంగ పుట్టే గోముఖ్ దాకా నడిచాం. పోనూ 18 కిలోమీటర్లు, రానూ మళ్లీ అంతే. అంత నడిచి చూసిందేమిటయ్యా అంటే, దూరంగా ఓ బూడిదరంగు గుట్ట, దాని అడుగున చీలికలోంచి మట్టినీళ్లు. మా ఊళ్లో రోడ్డు వేసేటప్పుడు పక్కన పోసే కంకర కుప్పలా ఉంది. గైడు చెయ్యి అడ్డం పెట్టి "బస్ సార్, ఇక్కడిదాకే. పైనుంచి గడ్డలు పడతాయి" అన్నాడు. సరే అని దణ్ణం పెట్టుకుని వచ్చేశాం.

మొన్న దసరాకి ఊరెళితే మా బాబాయి పాత ఆల్బమ్ తీశాడు. 1987లో గోముఖ్ దగ్గర దిగిన ఫొటో. మంకీ క్యాప్, మెడలో మఫ్లర్, ఎడమ చేతిలో రాగి చెంబు, కుడి చెయ్యి మంచుగోడ మీద. గోడంటే గోడే, ఆయన తల మీదుగా ఎక్కడికో పోయింది, ఫొటోలో పట్టలేదు. నా ఫోన్లో ఫొటోలు చూసి అందరి ముందూ "ఒరేయ్, ఇది గోముఖ్ కాదురా. ఆ గైడెవడో మధ్యలోనే ఆపేసి డబ్బులు పుచ్చుకున్నాడు" అని తేల్చేశాడు. అప్పట్నుంచి మా మరదలు ఫోన్ చేసినప్పుడల్లా "బావా, ఈసారి తిరుపతి అని చెప్పి ఎక్కడ దింపుతారు?" అంటోంది.

వెళ్లినవాళ్లు చెప్పండి. నేను మోసపోయానా, మంచే పోయిందా?

వంకాయబజ్జి
మంచే పోయింది. మీ పరువు సేఫ్. మరదలి సంగతి మాత్రం మేం చూడలేం.

ఓరుగల్లు_శ్రీను
అన్నా, నేను 2022 జూన్‌లో వెళ్లిన. అచ్చం మీరు చెప్పినట్టే. తెల్లటి మంచు ఉంటది, ఆవు మొహం లెక్క ఉంటది అని ఊహించుకుని పోయినం. మొత్తం రాళ్లు, దుమ్ము. మా దోస్త్ అయితే గ్లేసియర్ ముందే నిలబడి "గ్లేసియర్ ఇంకెంత దూరం?" అని అడిగిండు. గైడు నవ్వలేదు కూడా, రోజూ వినే ప్రశ్నే కావచ్చు.

భూగర్భం_మాస్టారు
ఉద్యోగమంతా రాళ్లతోనే కాపురం చేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, విసుక్కోకండి.

మీ గైడు మోసం చెయ్యలేదు. గంగోత్రి హిమానీనదం, అదే గ్లేసియర్, సుమారు 30 కిలోమీటర్ల పొడవు. పైన చౌఖంబా శిఖరాల దగ్గర మొదలై కిందికి జారుతూ వస్తుంది. దాని కింది మూతే గోముఖ్, దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో. ఆ మూతి ఎక్కడుందో 1935లో జియలాజికల్ సర్వే తరఫున జె.బి. ఆడెన్ కొలిచి పటం గీశాడు. (ఇంగ్లీషు కవి ఆడెన్ ఉన్నాడే, ఆయన అన్నగారే ఈయన.) అప్పట్నుంచి కొలతలు ఉన్నాయి. 1935 నుంచి 1996 దాకా సగటు చూస్తే ఏడాదికి 19 మీటర్ల చొప్పున వెనక్కి పోయింది. ఆ తర్వాత వేగం కొంత తగ్గిందని కొలిచినవాళ్లు చెప్పారు. తగ్గినా ఆగలేదు.

మీ బాబాయి వెళ్లి 38 ఏళ్లు. వేళ్ల మీద లెక్కేసినా అర కిలోమీటరు, కాస్త అటూ ఇటూ. ఆయన చెయ్యి పెట్టిన గోడ ఉన్నచోట ఇప్పుడు గులకరాళ్లుంటాయి. ఆయన చెప్పిందీ నిజమే, మీరు చూసిందీ నిజమే.

లెక్కలపిచ్చి
మాస్టారూ, ఇక్కడే నాకు డౌట్. నాసా వాళ్లు పెట్టిన ఉపగ్రహ చిత్రం కింద 25 ఏళ్లలో 850 మీటర్లు పైగా అని రాశారు. అంటే ఏడాదికి 34. మీరు 19 అంటున్నారు. రెండింట్లో ఏది కరెక్టు?

భూగర్భం_మాస్టారు
@లెక్కలపిచ్చి మంచి ప్రశ్న. మూతి అంటే గీత గీసినట్టు తిన్నగా ఉండదు. మధ్యలో నీళ్లు వచ్చే గుహ లోపలికి పోతుంది, రెండు పక్కలా మంచు నాలుకల్లా ముందుకు మిగులుతుంది. నడుమ నుంచి కొలిస్తే ఒక అంకె, మొత్తం అంచుకి సగటు తీస్తే ఇంకో అంకె. పైగా ఏడాదికేడాది ఒకేలా ఉండదు. ఒకసారి పెద్ద ముక్క విరిగిపడితే ఆ ఒక్క సీజన్లోనే ఎంతో పోయినట్టు కనిపిస్తుంది. ఏ ఏడు నుంచి ఏ ఏటికి లెక్కపెట్టారు, ఎలా లెక్కపెట్టారు అన్నది చూడకుండా అంకెలు పక్కపక్కన పెడితే కొట్టుకుంటాయి. ఎటు కదిలింది అన్నదాంట్లో మాత్రం ఎవరికీ తేడా లేదు.

నిద్రమత్తు
అర్థంకాక అడుగుతున్నా. గ్లేసియర్ కిందికి జారుతూ ఉంటుంది అన్నారు, మళ్లీ వెనక్కి పోతోంది అంటున్నారు. రివర్స్ గేరుందా దానికి?

భూగర్భం_మాస్టారు
మీ తాతగారింట్లో గాదె చూశారా? పైనుంచి కొత్త ధాన్యం పోస్తారు, కింద తూములోంచి తీస్తారు. లోపలి గింజ ఎప్పుడూ కిందికే జారుతుంది. పోసేదాని కంటే తీసేది ఎక్కువైతే మాత్రం గాదె తరుగుతుంది. ఇదీ అంతే. పైన పడే మంచు కంటే కింద కరిగేది ఎక్కువైంది. మంచు ఇప్పటికీ ముందుకే కదులుతోంది, కానీ ఇంతకుముందు చేరిన చోటికి చేరకుండానే కరిగిపోతోంది.

వంకాయబజ్జి
గాదె కింద పందికొక్కులెవరో చెప్పలేదు.

ఓరుగల్లు_శ్రీను
@వంకాయబజ్జి అద్దంల చూస్కో అన్నా 😀

సందేహాల_సుబ్బు
ఇదే పాట 2007లో కూడా పాడారు. 2035కల్లా హిమాలయాల్లో గ్లేసియర్లన్నీ మాయం అని ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి సంఘం) నివేదికలో వేశారు. 2010 జనవరిలో "పొరపాటైంది" అని వెనక్కి తీసుకున్నారు. నోబెల్ వచ్చిన సంస్థే అలా ఉంటే మామూలోళ్ల మాట ఎలా నమ్మాలి? వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. ఇంగ్లీషోళ్ల కాలం నుంచీ కరుగుతోందని మాస్టారే చెప్తున్నారు కదా, అప్పుడు కార్లెక్కడివి?

భూగర్భం_మాస్టారు
సుబ్బుగారూ, 2035 విషయంలో మీతో వంద శాతం ఏకీభవిస్తాను. సరిగా పరిశీలించని మాటని పట్టుకొచ్చి నివేదికలో పెట్టారు. మన జియలాజికల్ సర్వేలో పనిచేసిన వి.కె. రైనా లాంటివాళ్లు అప్పుడే అభ్యంతరం చెప్పారు. 30 కిలోమీటర్ల మంచు 2035కి మాయమవడం అసాధ్యం, ఏడాదికి 20 మీటర్లేసుకుని మీరే లెక్కపెట్టుకోండి.

రెండో మాట. అంతకుముందు కొన్ని శతాబ్దాలు చల్లగా ఉండి, ఆ తర్వాత గ్లేసియర్లు వాటంతటవే తగ్గడం మొదలైన మాటా నిజమే. కానీ ఆ కారణంతో అయితే ఈపాటికి తగ్గడం నెమ్మదించి ఓ చోట నిలబడాలి. గోముఖ్ మూతి ఒక్కటే కాకుండా హిమాలయాలు మొత్తంగా చూస్తే జరుగుతున్నది తిరగబడి ఉంది. కాఠ్మాండులోని ఇసిమోడ్ అనే పర్వత పరిశోధన సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం హిందూకుష్ హిమాలయాల్లో 2011-2020 మధ్య మంచు పోయిన వేగం, దానికి ముందు దశాబ్దం కంటే 65 శాతం ఎక్కువ. డాక్టరు ఒకసారి తేదీ తప్పు చెప్పాడని జ్వరమే లేదనుకుంటే ఎలా?

సందేహాల_సుబ్బు
జ్వరం లేదనలేదు మాస్టారూ. గంగ ఎండిపోతుందని భయపెట్టేవాళ్ల మీదే నా కోపం. మన గోదావరికి ఏ మంచుకొండ ఉంది? త్రయంబకంలో పుట్టి వానల మీదే కదా ధవళేశ్వరం దాకా వస్తోంది.

భూగర్భం_మాస్టారు
దీంట్లో సగం మీదే పైచేయి. కాశీ దగ్గర పారే నీళ్లలో ఎక్కువ భాగం వాననీళ్లు, ఊటనీళ్లే. గోముఖ్ తగ్గినంత మాత్రాన గంగ ఎండిపోదు. కానీ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో, వానలు రాకముందు, పైన భాగీరథిలో (అక్కడ గంగ పేరు అదే) పారేది ఎక్కువగా కరిగిన మంచునీళ్లే. ఎండలు ముదిరే కొద్దీ నీళ్లు పెరిగే సదుపాయం మన గోదావరికి లేదు, వాళ్లకుంది. ఆ లోయలో ఉండేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

వంటింటి_వాణి
ఈ నడకలు, పొగలు, కాన్వాయ్‌లు ఆపితే చాలు కదండీ? మేం 2023లో మా అత్తగారితో చార్‌ధామ్ వెళ్లాం. ఆ ఏడు 50 లక్షల మంది దాటారట. ఉత్తరకాశీ దాటాక బండి కదిలితే ఒట్టు. గంగోత్రి గుడి దగ్గర తడి బట్టలు, ప్లాస్టిక్ క్యాన్లు, మ్యాగీ పాకెట్లు. అంతమంది వేడి తగిలితే మంచు కరగదా మరి? గోముఖ్‌కి పర్మిట్ దొరకలేదు మాకు, రోజుకి 150 మందికే ఇస్తారట. అప్పుడు తిట్టుకున్నాను, ఇప్పుడనిపిస్తోంది 50 మందికే ఇవ్వాల్సింది.

ఓరుగల్లు_శ్రీను
అక్కా, 150 మంది ఒంటి వేడికి 30 కిలోమీటర్ల మంచు కరగదు. మనం వెళ్లకపోయినా కరుగుతది. చెత్త వేరే, మంచు వేరే. రెండూ కలిపితే "జనం రాకుంటే చాలు" అని చేతులు దులుపుకోవచ్చు, అంతే.

వంటింటి_వాణి
@ఓరుగల్లు_శ్రీను మరి పొగ? నల్లటి మసి మంచు మీద పడితే ఎండని ఎక్కువ పీల్చుకుంటుందని చదివాను. డీజిల్ బళ్లు, కట్టెల మంటలు, అడవి మంటలు.

భూగర్భం_మాస్టారు
వాణిగారు చెప్పింది నిజం, మసి సంగతి తేలిగ్గా తీసేయకూడదు. ఒంటి వేడి మాట మాత్రం శ్రీను చెప్పిందే. ఇక నడిచేవాళ్ల వల్ల నిజంగా దెబ్బతిన్నది భోజ్ చెట్లు, అంటే భూర్జ వృక్షాలు. భోజ్‌బాసా అనే పేరే ఆ చెట్లది. యాత్రికుల వంటకి, చలిమంటలకి నరికి నరికి ఇప్పుడు పేరే మిగిలింది. 1981లో నందాదేవి ఎక్కిన హర్షవంతి బిష్ట్ అనే ఆవిడ చాలా ఏళ్లు కష్టపడి అక్కడ మొక్కలు పెంచింది. ఆ ఎత్తులో ఒక మొక్క బతికించడమంటే భగీరథ ప్రయత్నమే. అదీ భాగీరథి ఒడ్డునే.

కాకినాడ_రేవు
మంచు గురించి నాకు తెలిసిన ఒక్క ముక్క. మా నాన్న ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, పడవలకి దిమ్మలు వేసేవాళ్లు. దిమ్మ మీద రంపప్పొట్టు గానీ ఊక గానీ మందంగా కప్పి గోనె పట్టా వేస్తే సాయంత్రానికీ అలాగే ఉంటుంది. రోడ్డు దుమ్ము పల్చగా పడిందా, గంటలో సగమవుతుంది. మరి గోముఖ్ మీద అంత రాళ్లూ మట్టీ ఉంటే కరగకూడదు కదా?

భూగర్భం_మాస్టారు
కాకినాడవారూ, ఇరవై ఏళ్లు పాఠం చెప్పినా ఇంత బాగా చెప్పలేకపోయేవాణ్ణి! సరిగ్గా అదే. రాళ్ల పొర మందంగా ఉన్నచోట మంచు నెమ్మదిగా కరుగుతుంది, పల్చగా ఉన్నచోట ఇంకా వేగంగా. అందుకే పైనంతా గుంటలు, మిట్టలు. గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, అంచుల్లో మంచు బయటపడుతుంది, అక్కణ్ణుంచి మళ్లీ తింటుంది. కింద నది సొరంగం తవ్వుతూనే ఉంటుంది. చివరికి పైకప్పు కూలుతుంది. మీ గైడు "గడ్డలు పడతాయి" అన్నది ఊరికే కాదు.

జ్యూరిక్_రాఘవ
గోనె పట్టా అంటే గుర్తొచ్చింది. ఇక్కడ స్విట్జర్లాండ్‌లో ఫుర్కా కనుమ దగ్గర రోన్ గ్లేసియర్ ఉంది. 1870ల నుంచీ దాంట్లో ఏటా గుహ తొలిచి టికెట్ పెట్టి చూపిస్తున్నారు. ఎండాకాలంలో ఆ గుహ మీద తెల్లటి దుప్పట్లు కప్పుతారు. దూరం నుంచి చూస్తే చాకిరేవులో ఆరేసినట్టుంటుంది. లోపల మంచు నీలంగా భలే ఉంటుంది, బయటికొస్తే చిరిగిన దుప్పట్లు, బురద. మా అబ్బాయి "దీనికి చలేస్తోందా నాన్నా?" అని అడిగాడు. 2022, 2023 రెండేళ్లలోనే ఈ దేశం మొత్తం మంచులో పదో వంతు పోయింది. ఇంత డబ్బున్న దేశం చెయ్యగలిగింది దుప్పట్లు కప్పడం.

కాల్గరీ_కోడలు
మాకిక్కడ కెనడాలో అథబాస్కా గ్లేసియర్ ఉంది. దారి పొడవునా బోర్డులు పెట్టారు, ఫలానా ఏడు మంచు ఇక్కడిదాకా ఉండేది అని. గత 125 ఏళ్లలో కిలోమీటరున్నర పైగా వెనక్కి పోయింది. మా మామగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాం. నేను పుట్టిన ఏటి బోర్డు దగ్గర ఫొటో, మా ఆయన పుట్టిన ఏటి దగ్గర ఫొటో. ఆయన పుట్టిన ఏడు వెతుకుతూ వెనక్కి వెనక్కి నడిచి, దాదాపు పార్కింగ్ దాకా వచ్చేశారు. "నేను పుట్టినప్పుడు ఇక్కడిదాకా ఉందా?" అని అక్కడే ఓ రాయి మీద కూర్చుండిపోయారు. తర్వాత మనిషంత ఎత్తు టైర్ల బస్సులో మంచు మీదికి తీసుకెళ్తే అక్కడ దిగనన్నారు, చలని కాదు. "ఇంత బరువు దీని మీద ఎందుకు ఎక్కిస్తున్నారు" అని.

గోముఖ్ దారిలో అలాంటి బోర్డులుంటే గోదారి_గట్టు గారికి ఈ తిప్పలుండేవి కావు.

నిద్రమత్తు
బోర్డు పెడితే దాని మీద "రాజు లవ్స్ రాణి" రాసేస్తారు మనోళ్లు.

లెక్కలపిచ్చి
ఇంకో తమాషా. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు ముందు గంగా యమునలని, తర్వాత గంగోత్రి, యమునోత్రి గ్లేసియర్లని కూడా చట్టం దృష్టిలో మనుషులతో సమానం అని చెప్పింది. నదుల తీర్పుని జులైలో సుప్రీంకోర్టు ఆపేసింది.

వంకాయబజ్జి
అయితే ఆధార్ తీసి ఉంటారు. అడ్రస్ మారినప్పుడల్లా అప్‌డేట్ చేయించుకోవాలి పాపం, ఏడాదికి 20 మీటర్లు.

సందేహాల_సుబ్బు
@వంకాయబజ్జి ఇది బాగుంది, ఒప్పుకుంటా.

హర్షిల్_ఆపిల్
ఇన్నాళ్లూ చదివి ఊరుకునేదాన్ని, మొదటిసారి రాస్తున్నా. 2019లో గంగోత్రి వెళ్తూ ధరాలీలో ఆగాం. రోడ్డు పక్కనే చిన్న హోటలు, వెనక ఆపిల్ తోట. హోటలావిడ మా పాపకి రెండు ఆపిళ్లు ఒళ్లో వేసి డబ్బులొద్దంది. 2025 ఆగస్టు 5న ఖీర్ గాడ్ వాగులోంచి బురద వచ్చి ఆ ఊరు కొట్టుకుపోయిన వీడియో మీరందరూ చూసే ఉంటారు. అరనిమిషం కూడా పట్టలేదు. ఆ హోటలు ఏ మూలనుందో గుర్తుపడదామని వీడియో ఆపి ఆపి చూశాను, తెలియలేదు. మంచు ఎంత వెనక్కి పోయిందని మీరు కొలుస్తున్నారు. అది వదిలేసి పోయిన రాళ్లూ మట్టీ అంతా పైనే, ఏటవాలు మీదే ఉంటుంది కదా? నా భయం దాని గురించి.

భూగర్భం_మాస్టారు
అవునమ్మా. మంచు తగ్గినచోట వదులు మట్టి, రాళ్లు మిగులుతాయి. వాటి మీద గట్టి వాన పడితే దిగువకి వస్తాయి. 2013 జూన్‌లో కేదారనాథ్ పైన చోరాబారీ చెరువు తెగిందీ ఇలాంటి మట్టికట్టే. 2017 వానల్లో గోముఖ్ దగ్గరే మేరు గ్లేసియర్ వైపు నుంచి వచ్చిన శిథిలాలు మూతి ముందంతా కప్పేశాయి. గోదారి_గట్టు గారు చూసిన కంకర కుప్పలో అదీ కొంత.

గోదారి_గట్టు
ఇన్ని జవాబులొస్తాయనుకోలేదు. రెండ్రోజులుగా బాబాయికి ఇవన్నీ చదివి వినిపిస్తున్నా. అయినా నమ్మడే. "మంచుకొండ అర కిలోమీటరు నడిచి పోతుందా? నీ ఫోనులో ఎవరేది రాస్తే అది నమ్ముతావు" అంటాడు.

భూగర్భం_మాస్టారు
ఒక పని చెయ్యండి. బాబాయిగారి ఫొటోలో వెనక భాగీరథి శిఖరాలు కనిపిస్తున్నాయా? వాటి ముందుకి పక్కగుట్ట అంచు ఒకటి వస్తుంది. శిఖరాన్ని ఆ అంచు ఎక్కడ కోస్తోందో చూడండి. దగ్గరి గుట్ట, దూరపు కొండ, రెండూ అదే తీరులో ఒకదానిమీదొకటి ఎక్కడ కనిపిస్తాయో ఆయన నిలబడ్డ చోటు అదే. మీ ఫోన్లో దారి పొడవునా తీసిన ఫొటోలుంటాయి కదా, వాటితో పోల్చండి.

గోదారి_గట్టు
మాస్టారూ, దొరికింది.

రాత్రి పదకొండింటి దాకా నేనూ బాబాయీ మంచం మీద కూర్చుని చూశాం. ఆయన భూతద్దం, నేను ఫోను. గోముఖ్ దగ్గర తీసినవేవీ సరిపోలేదు, వాటిలో గుట్ట అంచు మరీ ఎడమకి పోయింది. వెనక్కి జరుపుతూ పోతే, గైడు ఆపిన చోటికి చాలా ముందు, మా ఆవిడ కాళ్లు పీకుతున్నాయని ఓ చదును బండ మీద కూర్చుని బిస్కెట్ తింటున్న ఫొటో ఉంది. శిఖరం, అంచు, అంచు మీద పళ్లలాంటి మూడు రాళ్లు, అన్నీ అచ్చుగుద్దినట్టు. బాబాయి ఫొటోలో మంచుగోడ ఉన్నచోట నా ఫొటోలో మా బావమరిది చలికోటు విప్పి నడుముకి చుట్టుకుంటున్నాడు.

బాబాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ పక్కన టీ గుడిసె ఉండేది, అదీ లేదేం?" అన్నాడు.

ఓరుగల్లు_శ్రీను
అన్నా, ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఇక్కడ వెయ్యండి.

గోదారి_గట్టు
వేస్తా, పిన్ని మొహం కూడా ఉంది, అడిగి వేస్తా. ఇంకోటి, ఆ ఫొటోలో రాగి చెంబు ఉంది చూశారూ, అది సీలు తియ్యకుండా ఇప్పటికీ వాళ్ల దేవుడి గూట్లో ఉంది. మా ఆవిడ తెచ్చిన ప్లాస్టిక్ సీసా దాని పక్కన పెట్టబోతే పిన్ని ఒప్పుకోలేదు.

వంటింటి_వాణి
పిన్నిగారిదే రైటు. ప్లాస్టిక్‌లో గంగ ఏమిటండీ.

వంకాయబజ్జి
మరదలు క్షమాపణ చెప్పిందా?

గోదారి_గట్టు
లేదు. "అయితే అక్క కూర్చుని బిస్కెట్లు తిన్నదే అసలు గోముఖ్ అన్నమాట, మీరు అనవసరంగా ఇంకా నడిచారు" అంటోంది.

హర్షిల్_ఆపిల్
రోడ్డు బాగుంటే వచ్చే మే నెలలో, అక్షయ తృతీయకి గుడి తెరిచాక, మేం వెళ్దామనుకుంటున్నాం. పర్మిట్ దొరికితే ఆ బండ దగ్గర నేనూ ఒక ఫొటో తీస్తాను. గుర్తులు చెప్తారా?

గోదారి_గట్టు
తప్పకుండా. భోజ్‌బాసా దాటాక నది మీకు కుడిచేతి వైపుంటుంది. గంటకి పైగా నడిచాక దారి గులకరాళ్లలోకి దిగుతుంది. అక్కడ ఎద్దు పడుకున్నట్టు ఒక పెద్ద నల్ల బండ, మూపురం కూడా ఉంటుంది. దానికి పది అడుగుల అవతల చదునుది. దాని మీద కూర్చుంటే ఎదురుగా అంచు మీద మూడు రాళ్లు కనబడాలి. రెండే కనబడితే కొంచెం ఎడమకి జరగండి.